శాలువాలకు అందని ప్రగతి

పదో తరగతి ఫలితాలు వెలువడగానే మన పట్టణాలలో సన్మాన సభలు మొదలవుతాయి. 600 మార్కులకు 550 దాటిన పిల్లలకు శాలువాలు, జ్ఞాపికలు అందుతాయి. ప్రభుత్వం సైతం 2023లో ‘ఆణిముత్యాలు’ పేరిట, 2025లో ‘షైనింగ్ స్టార్స్’ పేరిట అత్యుత్తమ విద్యార్థులను సత్కరించింది. ప్రతిభను గౌరవించడం సముచితమే. ఆ వేదిక వరకు రాలేకపోయిన పిల్లల ప్రగతిని ఎవరు గుర్తిస్తున్నారన్నదే మా ప్రశ్న.

ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, పాఠ్యపుస్తకంలో ఇంగ్లీషు. ఈ మూడింటి మధ్య మన పిల్లలు చదువుకుంటున్నారు. ఆరో తరగతిలో తెలుగు వాక్యాన్ని కూడబలుక్కున్న బాలిక, ఎనిమిదో తరగతికి వచ్చేసరికి పాఠాన్ని తన మాటల్లో రాయగలిగితే ఆమె ఎంతో దూరం నడిచినట్టే. ర్యాంకుల పట్టికలో ఆ నడక కనిపించదు. ఫార్మేటివ్, సమ్మేటివ్ పరీక్షల ఫలితాలను వరుసగా పక్కపక్కన పెట్టి చూస్తేనే అది తెలుస్తుంది. ప్రోగ్రెస్ కార్డు ఉన్నది అందుకే.

ఆ కార్డు గురించి తల్లిదండ్రులకు వివరించడం ఉపాధ్యాయులు చేసే ఉపకారం కాదు. అది చట్టం అప్పగించిన విధి. 2009 విద్యాహక్కు చట్టంలోని 24వ సెక్షన్ ప్రకారం ఉపాధ్యాయులు తల్లిదండ్రులతో క్రమం తప్పక సమావేశమై, పిల్లల హాజరు, నేర్చుకునే సామర్థ్యం, సాధించిన ప్రగతి వారికి తెలియజేయాలి. వెనుకబడిన పిల్లలకు అవసరమైతే అదనపు బోధన అందించాలి. 29వ సెక్షన్ నిరంతర సమగ్ర మూల్యాంకనాన్ని నిర్దేశిస్తున్నది. ఎనిమిదో తరగతి వరకు ఇవి హక్కులు.

ఈ హక్కు మన ఇళ్లకు చేరుతున్నదా? చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ పని చేసే తండ్రికీ, గుడివాడ వీధుల్లో బండిపై వ్యాపారం చేసుకునే తండ్రికీ, దివిసీమలో చెరువుల వద్దకు కూలికి వెళ్లే తల్లికీ పగటిపూట సమావేశం అంటే ఒక రోజు సంపాదన పోవడమే. తెలుగు చదవలేని తల్లి కార్డుపై వేలిముద్రో సంతకమో పెట్టి పంపిస్తుంది. దానితో కాగితంపై విధి పూర్తవుతుంది. బిడ్డ గణితంలో వరుసగా మూడు పరీక్షల్లో దిగజారాడన్న సంగతి మాత్రం ఆమెకు తెలియదు. రిజిస్టర్లు రాస్తూ ఉద్యోగ జీవితం గడిపిన వారిగా మేము చెప్పగలిగింది ఒక్కటే: సంతకం ఉన్నంత మాత్రాన సమాచారం అందినట్టు కాదు.

2024 డిసెంబరు 7న రాష్ట్రవ్యాప్తంగా ప్రభుత్వ పాఠశాలల్లో మెగా తల్లిదండ్రుల సమావేశం జరిగింది. మంచి ప్రయత్నమే. అయితే ఏడాదికి ఒకటి రెండు సభలతో పని తీరదు. ప్రతి పరీక్ష తర్వాత, సాయంత్రం వేళ, తల్లికి అర్థమయ్యే భాషలో పది నిమిషాలు మాట్లాడగలిగితే చాలు. ఉర్దూ తెలిసిన ఉపాధ్యాయుడు లేనిచోట, బడి అనుమతితో మన చదువుకున్న యువతులు ఆ మాటలను తల్లులకు చేరవేయవచ్చు. అదే చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది సభ్యులు మహిళలు కావాలి. ఆ స్థానాలకు మన తల్లులు ముందుకు రావాలి. అదనపు తరగతులు ఏ పిల్లలకు ఎన్ని జరిగాయో అక్కడే అడగాలి.

మన సన్మానాల తీరు కూడా మారాలి. టాపర్లతో పాటు, గత ఏడాదికన్నా మెరుగుపడిన వారిని, బడి మానేసి తిరిగి చేరిన వారిని, సప్లిమెంటరీలో గట్టెక్కిన వారిని అదే వేదికపైకి పిలవాలి. అయితే తప్పిన పిల్లల పేర్లు బహిరంగంగా చదవరాదు. ఇంటికి వెళ్లి మాట్లాడాలి.

సప్లిమెంటరీ ఫీజు గడువు ఫలితాల తర్వాత కొద్ది రోజుల్లోనే ముగుస్తుంది. ఆ గడువు దాటిన ఆడపిల్లకు చదువు అక్కడితో ఆగిపోయి, ఇంట్లో పెళ్లి మాటలు మొదలయ్యే ప్రమాదం ఉంది. కాబట్టి బందరులోగాని, గుడివాడలోగాని, అవనిగడ్డలోగాని మస్జిద్ కమిటీలు సన్మాన సభ తేదీ నిర్ణయించడానికి ముందే తప్పిన పిల్లల ఇళ్లకు వెళ్లాలి. వారి ఫీజు కట్టించి, ఆ కొద్ది వారాలు చదువు చెప్పే మనిషిని ఏర్పాటు చేయాలి. శాలువాలు ఆ తర్వాత కొనవచ్చు.