ఎండదెబ్బయా, సహజమరణమా?

2025 ఏప్రిల్ 30వ తేదీన, చందనోత్సవమునాడు, తెల్లవాఱకమునుపే విరుచుకుపడిన వానకు సింహాచలమున గోడ కూలి, నిజరూపదర్శనమునకై వరుసలో నిలిచిన భక్తులు కొందఱు అసువులు బాసిరి. వైశాఖమున మనము ఎండకు జడిసి చలివేంద్రములు పెట్టుదుమే గాని వానను తలతుమా? అయినను అది మన గడ్డపై జరిగినది. విచారణసంఘము నియమింపబడినది, పరిహారము ప్రకటింపబడినది. చాలునా, చాలదా యనునది వేఱుమాట, అడుగువారు కలరు.

పొట్టకూటికై గల్ఫుదేశములకేగిన ఉత్తరాంధ్రుల సంగతి యేమి? పూర్వము రంగూనుకు ఓడలెక్కిన సీమవారే నేడు దుబాయికి, కువైటుకు విమానములెక్కుచున్నారు. ఎడారియనిన ఎండయే యని తలచిన వారికి 2024 ఏప్రిల్ 16న కనబడినదేమి? 1949లో లెక్కలు మొదలైన నాటినుండి ఐక్య అరబ్బు దేశములు ఎఱుగని వాన! అల్-ఐన్ ప్రాంతమున ఒకచోట ఒక్క దినములోపలనే 254 మిల్లీమీటర్లు కురిసినది. దుబాయి వీధులు చెఱువులైనవి.

వాన చేయు నష్టము లోకమునకు కనబడును. ఎండ చంపినచో కనబడదు. కువైటులోని మిత్రిబాలో 2016 జులైలో ఉష్ణోగ్రత 53.9 డిగ్రీలకెక్కినది. అచ్చట జూను మొదలు ఆగష్టు వఱకు పగలు 11 గంటలనుండి 4 గంటలవఱకు ఆరుబయటి పని నిషిద్ధమే. కాని తొమ్మిది గంటల ఎండ చల్లనిదా? సముద్రపుగాలి తేమతో ఉడికించు రాత్రి విశ్రాంతి నిచ్చునా?

2009 మొదలు 2017 వఱకు ఖతారులో గుండెజబ్బుతో మరణించిన 571 మంది నేపాలీ కార్మికులలో, ఎండనుండి తగిన రక్షణ కల్పించియున్నచో, 200 మంది వఱకు బ్రదికియుండెడివారని 2019లో పరిశోధకులు తేల్చిరి. మఱి మనవారి మాట? ముప్పదియేండ్ల దృఢకాయుడు పనినుండి వచ్చి పండుకొని తెల్లవాఱునప్పటికి లేవడు. కాగితముపై "సహజమరణము" అని పడును. ప్రవాసి భారతీయ బీమా యోజన పదిలక్షల రూపాయలు ఇచ్చునది ప్రమాదమరణమునకు. ఆ ఒక్క మాటతో ఇంటివారి నోట మన్నుపడుచున్నది. శవము త్వరగా చేరిన చాలునని ఏడ్చు తల్లిని శవపరీక్షకు ఒప్పుకొమ్మనుట కష్టమే. అందుచేతనే ఈ భారము ఆమెపై మోపరాదు, ప్రభుత్వమే వహింపవలెను. నేపాలీల విషయమున జరిగిన గణన తెలుగువారి విషయమునను జరుగవలెను. విశాఖకు వచ్చు ప్రతి పేటికతోను, ఆ మనుష్యుడు కడపటి దినమున ఎన్ని గంటలు పనిచేసెనో, ఆనాడు ఎండ యెంత కాసెనో వ్రాయించి పంపుట మన దౌత్యకార్యాలయములకు అసాధ్యమా?