పొడుగువాళ్ళు ముందు పడడం నేర్చుకోవాలి



ఈసారి గుడి పనుల గురించి కాదు, మా మనవరాలి ఎత్తు గురించి రాస్తున్నాను. తన వయసు 14. ఎత్తు 176 సెంటీమీటర్లు. నాకన్నా రెండే సెంటీమీటర్లు తక్కువ, ఇంకా పెరుగుతోంది.

కొన్ని నెలల క్రితం తను ఏదైనా యుద్ధవిద్య నేర్చుకుంటానంది. మార్షల్ ఆర్ట్‌కి తెలుగులో ఈ మాట ఉందని నాకు కూడా ఈమధ్యే తెలిసింది. అంతే, ఇంట్లో పెద్ద చర్చ మొదలైంది. మా అల్లుడుగారు, "ఇంత పొడుగు కాళ్ళు పెట్టుకొని ఇంకో ఆలోచన ఎందుకు? తైక్వాండోనే" అన్నారు. మా అమ్మాయి సిలాట్ అంది. స్కూల్లోనే నేర్పుతారు, మలేసియాలో పుట్టినవాళ్ళకి అది రావాలి అని. గుడి హాల్లో సిలంబం నేర్పే మాస్టారు, "నా దగ్గరికి పంపండమ్మా, ఆ చేతులకి కర్ర బాగుంటుంది" అన్నారు.

అందరిదీ ఒకటే ప్రశ్న: ఈ పొడుగుకి ఏది సరిపోతుంది?

పిల్ల మాత్రం భుజాలు ముందుకి వంచుకొని, తల దించుకొని కూర్చుంది. ఆ కూర్చోవడం నాకు బాగా తెలుసు. అది నాదే.

నేను తెలుక్ ఆన్సన్‌లో చదువుకున్నాను. ఇప్పుడు దాని పేరు తెలుక్ ఇంతాన్. 1982లో మార్చారు. ఆ ఊళ్ళో 1885లో కట్టిన ఒక గోపురం ఉంది. పైన గడియారం, లోపల నీళ్ళ ట్యాంకు. కింద నేల మెత్తన, పైన నీళ్ళ బరువు. అందుకని ఒక పక్కకి ఒరిగిపోయింది. ఇంగ్లీషు మీడియం స్కూల్లో నా క్లాసు పిల్లలు నన్ను ఆ గోపురం పేరుతోనే పిలిచేవాళ్ళు. ఎందుకంటే నేను నిటారుగా నిలబడేదాన్ని కాదు. ఇంటికి వస్తే మా నాయనమ్మ, "తాడిచెట్టులా పెరిగితే ఎవడు చేసుకుంటాడే?" అనేది. ఇంకాస్త వంగేదాన్ని. యాభై ఏళ్ళు అలాగే వంగి నడిచాను. ఇప్పుడు నిటారుగా నిలబడాలన్నా నా వీపు వినదు.

అందుకే ఈ చర్చలో ఊరుకోలేకపోయాను.

ముందు, ఎవరి మాటా తప్పు కాదని ఒప్పుకోవాలి. తైక్వాండోలో పొడుగు కాళ్ళు నిజంగా లాభమే. 2000 సిడ్నీ ఒలింపిక్స్ నుంచి అది పతకాల ఆట. అందులో తలకి తగిలిన తన్నుకి, నడుము పైన కవచానికి తగిలిన తన్నుకన్నా ఎక్కువ పాయింట్లు ఇస్తారు. పొడుగువాళ్ళ పాదం ఎదుటివాళ్ళ తలకి సులువుగా అందుతుంది. బాక్సింగ్‌లోనూ అంతే. చెయ్యి పొడుగైతే ఎదుటివాణ్ణి దూరంగానే ఆపవచ్చు. సిలంబం నాకు ఇంకా నచ్చింది. అందులో కర్ర సాధారణంగా నేల నుంచి మన నుదుటి దాకా ఉంటుంది. అంటే కర్రని మన ఒంటికి సరిపోయేలా కొలుస్తారు, మనల్ని కర్రకి కాదు. మన ఆంధ్ర, తెలంగాణ ఊళ్ళలో ఆడే కర్రసాము దీనికి చుట్టమే. ఇక సిలాట్. 2019లో యునెస్కో దాన్ని మలేసియా తరఫున వారసత్వాల జాబితాలో చేర్చింది. అందులో చాలా శాఖల్లో బాగా కిందికి కూర్చున్నట్టు నిలబడాలి. పొడుగు కాళ్ళకి అది కష్టం. కష్టం కాబట్టే మంచిది అని మా అమ్మాయి వాదన.

ఇవన్నీ విని నేను ఒక మాట అడిగాను. "సరే. పడితే ఏం చేస్తుంది?"

ఎవరూ జవాబు చెప్పలేదు.

ఆ ప్రశ్న నాకెందుకు వచ్చిందో చెబుతాను. రెండేళ్ళ క్రితం పండగ ముందు రోజు గుడి ఆవరణ కడుగుతున్నాం. సబ్బు నీళ్ళ మీద నా కాలు జారింది. అందరిలాగే కుడిచెయ్యి చాచి నేల మీద పెట్టాను. నా బరువంతా మణికట్టు మీద పడింది. ఎముక విరిగింది. ఆరు వారాలు కట్టు. ఆ ఆరు వారాలు పువ్వులు కట్టలేదు, ప్రసాదం పంచలేదు, జుట్టు ముడి కూడా మా అమ్మాయే వేసింది. నాకు వ్యాయామాలు చేయించిన ఫిజియోథెరపిస్టు, "పడేటప్పుడు చెయ్యి చాచడం మనిషి సహజ గుణం ఆంటీ. నేర్చుకుంటే తప్ప పోదు" అంది. నేర్చుకోవచ్చని నాకు అప్పటిదాకా తెలియదు.

ఎత్తు నుంచి పడితే దెబ్బ ఎక్కువ. ఇది అందరికీ తెలుసు. కానీ పొడుగు మనిషి ఎప్పుడూ ఎత్తు మీదే ఉన్నాడని మనం ఆలోచించం. వాళ్ళ బరువు మోసే మధ్య భాగం నేలకి దూరంగా ఉంటుంది, అందుకని పొట్టివాళ్ళకన్నా త్వరగా తూలుతారు. అందులోనూ వేగంగా పెరిగే వయసులో ఎముకలు ముందు పొడుగవుతాయి, కండరాలు వెనకాల వస్తాయి. తొడ వెనక నరం లాగినట్టు ఉంటుంది. కొందరికి మోకాలి చిప్ప కింద నొప్పి వస్తుంది. గెంతడం, తన్నడం ఎక్కువైతే ఆ నొప్పి పెరుగుతుంది. కాలు పొడుగ్గా ఉంది కాబట్టి వెంటనే తల ఎత్తుకి తన్నించాలి అనుకునే పెద్దలు దీన్ని మర్చిపోకూడదు. నొప్పి ఉంటే ఆపి డాక్టరుకి చూపించాలి.

కాబట్టి నా అభిప్రాయం ఇది. పొడుగు పిల్లలకి వాళ్ళ ఒంటికి ఇప్పటికే ఉన్న లాభాన్ని చూసి విద్య ఎంచవద్దు. వాళ్ళ ఒంటికి లేనిది ఏది నేర్పుతుందో చూడండి. లేనిది ఏమిటి? కింద గట్టితనం. పడినా దెబ్బ తగలకుండా పడడం. అందుకే మొదటి ఏడాది జూడో అంటాను. ఆ తర్వాత తైక్వాండోకి వెళ్ళినా, కర్ర పట్టినా నాకు సంతోషమే.

జూడోని 1882లో జపాన్‌లో కానో జిగోరో మొదలుపెట్టారు. ఆయన చిన్న మనిషి. మరి అది పొట్టివాళ్ళ విద్యే కదా అని మా అల్లుడుగారు అన్నారు. నిజమే, పొట్టివాళ్ళు కిందికి దూరి మనల్ని వీపు మీదకి ఎత్తి పడేస్తారు. కానీ 1964 టోక్యో ఒలింపిక్స్‌లో, జపాన్‌వాళ్ళ సొంత హాల్లో, బరువు పరిమితి లేని పోటీలో బంగారు పతకం గెలిచింది ఎవరు? ఆంటన్ గేసింక్ అనే డచ్ మనిషి. 198 సెంటీమీటర్లు. ఈ కాలంలో ఫ్రాన్స్ దేశపు టెడ్డీ రినేర్ రెండు మీటర్లు దాటిన మనిషి. పొడుగు కాలితో ఎదుటివాడి కాలిని వెనక నుంచి కోసినట్టు లాగి పడెయ్యడంలో ఆయనకి పేరు. అంటే ఈ విద్యలో పొడుగుకి చోటు ఉంది. కానీ ఎవరైనా సరే, ముందు నేర్చుకునేది పడడమే.

మా పిల్లని నేనే మొదటి క్లాసుకి తీసుకెళ్ళాను. గోడ పక్కన కుర్చీలో కూర్చొని చూశాను. మొదటి రోజు ఎవరినీ పడెయ్యలేదు. ముందు కూర్చున్న చోటి నుంచి వెనక్కి పడ్డారు. తర్వాత గొంతుక్కూర్చొని, ఆ తర్వాత నిలబడి. గడ్డం ఛాతీకి ఆనించి, సొంత బెల్టు వైపు చూడాలి. అప్పుడు తల వెనక భాగం నేలకి కొట్టుకోదు. చెయ్యి చాచి ఆపకూడదు. అరచెయ్యి, ముంజేయి మొత్తం చాపకి ఒకేసారి కొట్టాలి. టప్! టప్! నా మణికట్టు విరిగిన రోజు గుర్తొచ్చింది. ఎంత చిన్న విషయం! ఎంత ఆలస్యంగా చూశాను!

మూడో వారం తనకన్నా తల కింద ఉన్న ఒక అబ్బాయి తనని వరసగా పడేశాడు. నాకు భయం వేసింది. ఇంటికి వచ్చేటప్పుడు కారులో ఏడుస్తుందనుకున్నాను. "అమ్మమ్మా, నేను వంగితేనే వాడికి సులువు. నిటారుగా నిలబడితే వాడు ఇంకా కష్టపడాలి అని సెన్సే చెప్పారు" అంది. నేను ఏమీ మాట్లాడలేదు. ఎప్పటినుంచో "నిటారుగా నిలబడవే" అని అరుస్తున్నాం. కారణం ఒక్కరం కూడా చెప్పలేదు.

కొందరు, ఏ విద్య అన్నది ముఖ్యం కాదు, మంచి గురువు ముఖ్యం అంటారు. ఒప్పుకుంటాను. పడడం జాగ్రత్తగా నేర్పే సిలాట్ గురువు మీ ఊళ్ళో ఉంటే అక్కడికే పంపండి. కానీ చేర్చే ముందు ఒక క్లాసు కూర్చొని చూడండి. కొత్త పిల్లలకి పడడం నేర్పుతున్నారా, లేక మొదటి రోజే తన్నడం నేర్పుతున్నారా? ఆ ఒక్కటి చూస్తే చాలు. ఇంకో విషయం, "ఈ పొడుగుకి" అని పిల్లల ముందు మాట్లాడకండి. ఏం నేర్చుకోవాలని ఉంది అని వాళ్ళనే అడగండి. నేను కూడా అది ఆఖరున అడిగాను. తప్పే.

చివరగా, మనలాగా నేర్చుకునేవాళ్ళ కోసం ఒక మాట. తెలుగులో "ఎత్తు" అంటే పొడుగు అని నాకు తెలుసు. "ఎత్తు" అంటే పైకి లేపు అనీ తెలుసు. కానీ కుస్తీలో వేసే పట్టుని, యుక్తిని కూడా "ఎత్తు" అంటారని ఈ వ్యాసం రాస్తూ తెలుసుకున్నాను. "ఎత్తుకు పైఎత్తు" అనేది అందుకే. మా మనవరాలికి చెప్పాను. "అయితే నాకు ఒక ఎత్తు ఉంది, ఇంకో ఎత్తు నేర్చుకోవాలి, అంతేగా?" అంది. తెలుగులోనే అంది. ఒక్క తప్పు కూడా లేదు.

నా తెలుగులో తప్పులుంటే దిద్దండి. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. పడడం నాకు అలవాటే.