బీటీ మొక్కజొన్న వస్తే కత్తెర పురుగు పీడ పోతుందా? నంద్యాల పత్తి చేలు చెబుతున్నదేంటి?

మొక్కజొన్న సుడి విప్పి చూస్తే రంపపు పొట్టులాంటి రెట్ట.. దాని కింద, తల మీద తిరగేసిన 'వై' గుర్తుతో ఓ పురుగు. నంద్యాల, ఆళ్లగడ్డ వైపు మొక్కజొన్న వేసే రైతుకు కత్తెర పురుగును కొత్తగా పరిచయం చేయక్కర్లేదు. 2018లో దేశంలోనే తొలిసారి కర్ణాటకలో కనిపించిన ఈ పురుగు, ఆ ఏడాదే తెలుగు రాష్ట్రాల్లోకీ దిగింది. అప్పటి నుంచి మొక్కజొన్న అంటే మందు కొట్టక తప్పని పంట అయిపోయింది.

అందుకే రైతులు ఒకటే మాట అడుగుతున్నారు. పత్తికి బీటీ ఇచ్చారు కదా, మొక్కజొన్నకు ఎందుకివ్వరు?

ఈ ప్రశ్నకు ఇప్పుడు బలం పెరిగింది. ఇథనాల్ తయారీతో మొక్కజొన్నకు గిరాకీ వచ్చింది. తమ మొక్కజొన్నను భారత్ కొనాలని 2025 వాణిజ్య చర్చల్లో అమెరికా గట్టిగా పట్టుబట్టింది. అక్కడ పండేదంతా దాదాపు జన్యుమార్పిడి పంటే. అదే ఏడాది లూథియానాలోని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో జన్యుమార్పిడి మొక్కజొన్న క్షేత్ర పరీక్షలకు కేంద్రం నుంచి పచ్చజెండా వచ్చింది.

ముందు ఒక విషయం క్లియర్‌గా తెలుసుకోవాలి. మన దేశంలో రైతు సాగు చేసుకోవడానికి బీటీ మొక్కజొన్నకు అనుమతి లేదు. నంద్యాల షాపుల్లో బిల్లు ఇచ్చి అమ్మేవి మామూలు హైబ్రిడ్ విత్తనాలే. ఎవరైనా బీటీ మొక్కజొన్న అంటూ ప్యాకెట్ చేతిలో పెడితే అది నకిలీ అయినా అయి ఉండాలి, దొంగ విత్తనం అయినా అయి ఉండాలి.

పురుగు ఎలా చస్తుంది?

మట్టిలో ఉండే ఓ బ్యాక్టీరియా జన్యువును మొక్కలోకి ఎక్కిస్తారు. దాంతో మొక్కే ఒక రకం ప్రొటీన్ తయారు చేసుకుంటుంది. ఆకు తిన్న పురుగు పేగు గోడలకు ఆ ప్రొటీన్ తూట్లు పొడుస్తుంది. పురుగు మేత మానేసి చనిపోతుంది. అయితే ఇది ఆకు తినే, కాండం తొలిచే కొన్ని రకాల మీదే పనిచేస్తుంది. పేనుబంక లాంటి రసం పీల్చే పురుగులకు ఏమీ కాదు. అంటే మందు డబ్బా పూర్తిగా పక్కన పెట్టొచ్చన్నది భ్రమే.

పనిచేసిన చోట మాత్రం గట్టిగానే పనిచేసింది. అమెరికాలో 1996 నుంచి బీటీ మొక్కజొన్న వేస్తున్నారు. అక్కడి ప్రధాన శత్రువు కాండం తొలిచే పురుగు. 2010లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం 14 ఏళ్లలో 5 రాష్ట్రాల రైతులకు దాదాపు 690 కోట్ల డాలర్ల మేలు జరిగింది. విచిత్రం ఏంటంటే, అందులో సగానికి పైగా బీటీ వేయని రైతులకే దక్కింది. చుట్టుపక్కల చేలల్లో పురుగు సంతతి పడిపోవడమే కారణం.

కానీ కత్తెర పురుగు కథ వేరు. దాని సొంత గడ్డ అమెరికా ఖండాలే. ప్యూర్టోరికోలో 2006లోనే అది ఒక రకం బీటీ మొక్కజొన్నను లెక్కచేయకుండా తినేసింది. ఆ తర్వాత బ్రెజిల్‌లోనూ అదే జరిగింది. ఇప్పుడు కంపెనీలు రెండు మూడు జన్యువులు కలిపి విత్తనం తెస్తున్నాయంటే కారణం ఇదే.

నంద్యాలకు ఇది కొత్త కాదు

సీడ్ పత్తికి పేరున్న ప్రాంతం ఇది. బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది, 2006లో రెండు జన్యువుల బీజీ-2 వచ్చింది. మొదట్లో కాయతొలుచు పురుగు తగ్గింది, మందు ఖర్చూ తగ్గింది. 2010లో గుజరాత్‌లో గులాబీ రంగు పురుగు తొలి బీటీని తట్టుకుంటోందని బయటపడింది. మరో ఐదేళ్లకు బీజీ-2 కూడా దాని ముందు నిలవలేదు.

లోపం జన్యువులో ఉందా? అమెరికాలోనూ ఇదే పురుగు, ఇవే బీటీ జన్యువులు. అక్కడ మాత్రం 2018లో పత్తి ప్రాంతాల నుంచి గులాబీ రంగు పురుగును నిర్మూలించినట్టు ప్రకటించారు. బీటీ పక్కనే మామూలు పత్తి కొంత వేయడం, పిల్లలు పుట్టని రెక్కల పురుగులను కోట్లలో వదలడం.. ఈ రెండూ పట్టుదలగా చేశారు.

మన దగ్గర 450 గ్రాముల బీటీ ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల నాన్-బీటీ ప్యాకెట్ ఇచ్చేవారు. చేను చుట్టూ వేయమనేవారు. అక్కడ పెరిగిన మామూలు పురుగులు, బీటీని తట్టుకున్న పురుగులతో జతకడితే మొండి సంతతి పెరగదన్నది లెక్క. చాలామంది ఆ చిన్న ప్యాకెట్‌ను గట్టు మీద పడేశారు. రైతును తప్పుపట్టి లాభం లేదు. రెండెకరాల వాడిని పురుగు మేతకు కొంత వదులుకోమంటే ఎందుకు వదులుకుంటాడు? ఎందుకు వేయాలో విడమరిచి చెప్పినవాళ్లూ తక్కువే. చివరికి రెండు విత్తనాలూ ఒకే సంచిలో కలిపి ఇవ్వాల్సి వచ్చింది. అప్పటికే ఆలస్యమైపోయింది.

మొక్కజొన్నలో ఇది ఇంకా కష్టం. ఖరీఫ్‌లో వాన మీద, రబీలో కేసీ కాలువ, తెలుగుగంగ, బోర్ల కింద.. కత్తెర పురుగుకు ఏడాదంతా మేతే. రెక్కల పురుగు ఒక్క రాత్రిలో పదుల కిలోమీటర్లు ఎగురుతుంది. ఆళ్లగడ్డలో ఒక రైతు నియమం పాటించి, పక్క ఊళ్లో పాటించకపోతే ఇద్దరి విత్తనమూ ఒకేసారి పనికిరాకుండా పోతుంది. దొంగ విత్తనం వస్తే మరీ ప్రమాదం. కలుపుమందును తట్టుకునే పత్తికి నేటికీ అనుమతి లేదు. అయినా తెలుగు రాష్ట్రాల్లో అది ఎంత సులువుగా పొలాలకు చేరిందో అందరికీ తెలుసు.

ప్రస్తుతానికి రైతు చేతిలో ఉన్నవి పాత అస్త్రాలే. ఊరంతా ఒకే సమయంలో విత్తడం, లింగాకర్షక బుట్టలు పెట్టడం, గుడ్ల దశలోనే వేపనూనె కొట్టడం, పురుగు ముదిరితే తవుడు, బెల్లంతో విషపు ఎర సుడిలో వేయడం. పురుగు చిన్నగా ఉండగా చేస్తేనే ఫలితం.

పంజాబ్‌లో వచ్చే ఫలితం నంద్యాల నల్లరేగడికి, ఇక్కడి రబీ పంటకు అలాగే సరిపోతుందని అనుకోలేం. పరీక్షలు ఇక్కడా జరగాలి. అందుకు రాష్ట్ర ప్రభుత్వం నిరభ్యంతర పత్రం ఇవ్వాలి. అది ఇచ్చే ముందు అడగాల్సినవి రెండున్నాయి. నాన్-బీటీ విత్తనం మొదటి రోజు నుంచే సంచిలో కలిపి ఇస్తారా? పురుగు మొండికేస్తోందా లేదా అని ఏటా ఏ మండలంలో, ఎవరు పరీక్షిస్తారు? పత్తి విషయంలో ఈ రెండో ప్రశ్నకు సమాధానం రైతుకు తెలిసేసరికి కాయలు పుచ్చిపోయాయి.