బీమా కాని బీమా

కొత్త కారుకు షోరూములో చేతికిచ్చే కొటేషన్‌లో ఎక్స్‌షోరూమ్ ధర కింద బీమా, లైఫ్ ట్యాక్స్, ఫాస్టాగ్, సీటు కవర్లు, మ్యాట్లు వరుసగా కనిపిస్తాయి. వాటి నడుమ ఎక్స్‌టెండెడ్ వారంటీ అని ఇంకో వరుస ఉంటుంది. చాలాసార్లు కొనేవాళ్లు అడగకముందే అది లెక్కలో చేరిపోయి ఉంటుంది. ఇదేమిటండీ అని అడిగితే వచ్చే జవాబు ఎక్కడైనా దాదాపు ఒకటే: "అది తీసుకుంటే ఐదేళ్ల దాకా మీరు రూపాయి పెట్టక్కర్లేదండి, అంతా కంపెనీవాళ్లే చూసుకుంటారు." దాళ్వా డబ్బులు చేతికొచ్చాకో, రొయ్యల పట్టుబడి అయ్యాకో ఉంగుటూరు, నిడమర్రు, గణపవరం వైపు నుంచి ఏలూరుకో తాడేపల్లిగూడేనికో వెళ్లి ఎనిమిది, పది లక్షలు పోసి కారు కొనే కుటుంబానికి ఆ క్షణంలో ఇంకో పదిహేను, ఇరవై వేలు పెద్దగా ఆనవు. ఆ మాట చెప్పి అక్కడ అమ్ముతున్నది నిజానికి బీమా. బీమా అమ్మేవాళ్లకు చట్టం పెట్టిన కట్టుబాట్లు ఒక్కటీ లేకుండా, వారంటీ అన్న నమ్మకమైన పేరు తగిలించి అమ్ముతున్న బీమా. ఈ వ్యాపారంలోని మోసానికి మూలం అక్కడే ఉందని నా వాదన.

కారు ధరలోనే కలిసి వచ్చే మామూలు వారంటీ వేరు. అది తయారీదారు తన సరుకు మీద తాను ఇచ్చే పూచీ. మారుతీ సుజుకీ 2024 జులైలో దాన్ని రెండేళ్లు లేదా 40,000 కిలోమీటర్ల నుంచి మూడేళ్లు లేదా లక్ష కిలోమీటర్లకు పెంచింది. దాంతోపాటే, విడిగా డబ్బు కడితే ఆరేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల దాకా పొడిగించుకునే ప్యాకేజీలూ పెట్టింది. ఈ రెండో రకం వారంటీలో జరిగేది చూడండి. ముందెప్పుడో రావచ్చు, రాకపోవచ్చు అనుకునే నష్టానికి ఇప్పుడే డబ్బు కడతాం. నష్టం వస్తే క్లెయిమ్ పెట్టుకోవాలి. క్లెయిమ్‌కు మినహాయింపుల జాబితా ఉంటుంది. బీమాకు ఉండే లక్షణాలన్నీ ఇందులోనూ ఉన్నాయి, లేనిదల్లా అదుపు. జీవిత బీమా, ఆరోగ్య బీమా తీసుకున్నవాళ్లకు పాలసీ అందిన 30 రోజుల్లోపు వద్దనుకుని తిప్పి ఇచ్చేసే హక్కు 2024 నుంచి ఉంది. ఏ కంపెనీ వసూలు చేసినదాంట్లో ఎంత క్లెయిములకు చెల్లించిందో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఏటా బయటపెడుతుంది. తగాదా వస్తే అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. మోటారు బీమా అమ్మే కారు డీలర్ల కోసం 2017లో ప్రత్యేక మార్గదర్శకాలు కూడా వచ్చాయి. అదే డీలరు, అదే బల్ల దగ్గర, అదే కారుకు పొడిగించిన వారంటీ అమ్మితే మాత్రం ఈ రక్షణలేవీ కొనేవాళ్ల వెంట రావు.

ఇక ఒప్పందంలో ఉన్నదేమిటి? మెటీరియల్‌లోనో తయారీలోనో ఉన్న లోపం వల్ల భాగం చెడిపోతే బాగుచేయడం, అంతే. బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేటు, వైపర్లు, టైర్ల వంటి అరిగిపోయే వస్తువులు అందులోకి రావు. బయటి కారణం వల్ల వచ్చిన నష్టమూ రాదు. మన ప్రాంతపు కార్లకు పెద్ద ఖర్చు తెచ్చేవి చూస్తే చాలావరకు ఆ బయటి కారణాలే. 2024 జులైలో ఎర్రకాలువ పొంగింది. సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేటికి చేరి ఏలూరు–కైకలూరు రోడ్డు మీదుగా నీళ్లు పారాయి. అలాంటి నీళ్లలో కారు పోనిస్తే గాలి పీల్చుకునే గొట్టం గుండా నీరు సిలిండర్‌లోకి పోతుంది. గాలి అణుగుతుంది గానీ నీరు అణగదు. పైకి వచ్చిన పిస్టన్ ఆ నీటికి కొట్టుకుని ఆగిపోతుంది, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఇంజను విప్పదీసి చేయించాలంటే బిల్లు లక్ష దాటడం వింతేమీ కాదు. దీనికి పొడిగించిన వారంటీలో పైసా రాదు. మోటారు బీమాలోనైనా ఇంజన్ ప్రొటెక్షన్ అనే అదనపు రక్షణ తీసుకుని ఉంటేనే దారి. వరి ఊళ్లలో ఇంకో బెడద ఎలుకలు. రాత్రిపూట బానెట్ కింద వెచ్చదనానికి చేరిన ఎలుక వైరింగ్ కొరికితే, సెన్సార్లు నిండిన నేటి కార్లలో ఆ తీగల కట్ట మొత్తం మార్చాల్సి రావచ్చు. అదీ బయటి కారణమే. చెరువు గట్ల మీద, గతుకుల్లో తిరిగి సస్పెన్షన్ బుష్‌లు పోతే అరుగుదల అంటారు. సొంత కారును అప్పుడప్పుడు కిరాయికి తిప్పారని తేలితే అసలు ఒప్పందమే చెల్లదనే షరతు చాలావాటిలో ఉంటుంది. కొల్లేటి చుట్టుపక్కల కారున్నవాళ్లు దేనికి భయపడతారో దానికి తప్ప మిగతావాటికి ఈ కాగితం పనికొస్తుంది. అమ్మేటప్పుడు ఈ సంగతి ఎవరూ చెప్పరు.

డబ్బు లెక్క కూడా కొంచెం నిలిచి చూడాలి. వారంటీ మొత్తాన్ని కారు అప్పులోనే కలిపేయడం మామూలు. ఇరవై వేల రూపాయలకు 9 శాతం వడ్డీతో ఏడేళ్ల కాలానికి నెలకు సుమారు 322 రూపాయల వాయిదా పడుతుంది, మొత్తం కలిపి 27 వేలు అవుతుంది. మొదటి మూడేళ్లూ కంపెనీ వారంటీ ఎలాగూ ఉంది. అంటే కొన్న రక్షణ ఇంకా మొదలే కాకుండా పదకొండున్నర వేలు కట్టేసి ఉంటాం. ముందే తీసుకుంటే చౌక అంటారు, అది నిజమే. అయితే మామూలు వారంటీ ముగిసేలోపు ఎప్పుడైనా, కొంత ఎక్కువ ధరకు, పొడిగించుకునే వీలు చాలా కంపెనీలు ఇస్తున్నాయి. రెండున్నరేళ్లు నడిపి కారు తీరు తెలుసుకున్నాక తీసుకునే నిర్ణయానికి, డెలివరీ తొందరలో తీసుకునే నిర్ణయానికి పోలిక లేదు. ఆ వీలుందన్న ముక్క దాచిపెట్టి "ఈ రేటు ఇవాళ ఒక్కరోజే" అని తొందరపెట్టడం తప్పు. ఆన్‌లైన్ అమ్మకాల్లో ఇలాంటి బూటకపు తొందరను, అడగని వస్తువును బుట్టలో చేర్చడాన్ని 2023 నవంబరులో వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలు నిషేధించాయి. వెబ్‌సైట్‌లో తప్పైనది షోరూము బల్ల దగ్గర ఒప్పు ఎలా అవుతుంది?

చదువుకోకుండా సంతకం పెట్టడం కొనేవాళ్ల తప్పు కదా అంటారు. ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసిపారేయను, సంతకానికి విలువ లేకపోతే ఏ ఒప్పందమూ నిలవదు. కానీ ఇక్కడ జరిగే వరుస గమనించాలి. మాటలు తెలుగులో, షరతుల పుస్తకం ఇంగ్లీషులో. డబ్బు ముందు, పుస్తకం తర్వాత, చాలాసార్లు తాళాలతో పాటు. చదవడానికి చేతిలో లేని కాగితాన్ని చదవలేదని తప్పుపట్టడం న్యాయం కాదు. ప్రకటనల విషయంలో ఈ అన్యాయాన్ని ప్రభుత్వం ఇప్పటికే ఒప్పుకుంది. ప్రకటన ఏ భాషలో ఉంటే దాని షరతు కూడా అదే భాషలో ఉండాలని, ముఖ్యమైన సమాచారాన్ని షరతుల్లో దాచకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. షోరూములో నోటితో చెప్పే మాటకు మాత్రం ఆ నియమం అమలు కావడం లేదు. ఆ మాటకు బాధ్యులెవరన్నదీ తేలదు. డీలరు చేసిన తప్పుకు, తయారీదారుకు అది తెలుసని రుజువు చేస్తే తప్ప, తయారీదారును బాధ్యుణ్ణి చేయలేమని 2021లో టాటా మోటార్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. న్యాయసూత్రంగా అది సరే. కానీ ఆచరణలో అమ్మినవాడు కంపెనీని చూపిస్తాడు, కంపెనీ షరతుల పుస్తకం చూపిస్తుంది. అమ్మిన కుర్రాడు అప్పటికి వేరే షోరూముకు మారిపోయి ఉంటాడు. ప్రకటన ఒకటి, పుస్తకం ఒకటి అన్న తగాదా కొత్తదేమీ కాదు. ఎక్కడైనా వెళ్లే ఎస్‌యూవీ అని షెవ్రొలే ఫారెస్టర్‌ను అమ్మిన జనరల్ మోటార్స్, లోపలి మాన్యువల్‌లో మాత్రం అది అలాంటి దారులకు ఉద్దేశించిన బండి కాదని రాసింది. జాతీయ వినియోగదారుల కమిషన్ దాన్ని అక్రమ వ్యాపార పద్ధతిగా తేల్చి 25 లక్షల శిక్షాత్మక పరిహారం వేసింది. ఫిర్యాదులో అడగని మొత్తమంటూ 2014లో సుప్రీంకోర్టు ఆ పరిహారాన్ని కొట్టేసింది.

"బయట మెకానిక్ చేయి వేస్తే వారంటీ పోతుంది" అన్న బెదిరింపుది ఇంకో కథ. 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు దాదాపు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసిన తీర్పులో ఈ విషయమూ ఉంది. బయట పని చేయించారన్న ఒక్క కారణంతో వారంటీ రద్దు చేయకూడదని, ఆ బయటి పని వల్లే నష్టం జరిగితేనే నిరాకరించవచ్చని కమిషన్ ఆదేశించింది. కంపెనీలు అప్పీలుకు వెళ్లాయి. మూడు కంపెనీల విషయంలో 2016లో ట్రిబ్యునల్ జరిమానా తగ్గించింది గానీ తప్పు జరిగిందన్న నిర్ధారణను మార్చలేదు. ఇన్నేళ్ల తర్వాత కూడా సర్వీసు కౌంటర్లలో ఆ పాత బెదిరింపు వినిపిస్తూనే ఉంది. దానివల్ల నష్టపోతున్నది కారున్నవాళ్లే కాదు, ఇరవై ఏళ్లుగా షెడ్లు నడుపుతున్న మన మెకానిక్‌లూ నష్టపోతున్నారు.

కారు పాతబడేసరికి ఫోన్లు మొదలవుతాయి. బండి నంబరు, మోడలు, బీమా గడువు అన్నీ చెప్పి వారంటీ అయిపోతోందంటారు. ఇన్ని వివరాలు తెలిసినవాళ్లు కంపెనీవాళ్లే అయ్యుంటారని నమ్మడం సహజం. అయితే బండ్ల రిజిస్ట్రేషన్లు, లైసెన్సుల వివరాలుండే వాహన్, సారథి సమాచారాన్ని 87 ప్రైవేటు సంస్థలకు, 32 ప్రభుత్వ సంస్థలకు ఇచ్చి ప్రభుత్వం 65 కోట్ల రూపాయలు పొందిందని 2019లో మంత్రి నితిన్ గడ్కరీయే రాజ్యసభకు చెప్పారు. 2020లో ఆ విధానం రద్దయింది. ఒకసారి చేతులు మారిన వివరాలను మాత్రం వెనక్కి తేలేం. ఈ ఫోన్లు ఎంతదాకా పోగలవో అమెరికాలో ఉన్న మన పిల్లలను అడిగితే చెబుతారు. 2021లో మూడు నెలల్లోనే ఒక్క ముఠా 50 కోట్లకు పైగా నంబర్లకు 500 కోట్లకు పైగా వారంటీ కాల్స్ చేసిందని తేల్చి, 2023 ఆగస్టులో అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ దాదాపు 30 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. టీవీల్లో ప్రముఖులతో ప్రకటనలిచ్చి ఇలాంటి రక్షణ అమ్మిన కార్‌షీల్డ్ మీద కూడా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఫిర్యాదు చేసింది. అన్నీ వర్తిస్తాయని చెప్పి చాలా మరమ్మతులను తోసిపుచ్చిందన్న ఆ ఫిర్యాదును 2024 జులైలో కంపెనీ కోటి డాలర్లు కట్టి పరిష్కరించుకుంది. మనకు ఇంకా ఆ స్థాయి రాలేదు గనుకనే ఇప్పుడు మేలుకోవాలి.

పొడిగించిన వారంటీ వల్ల నిజంగా లాభపడినవాళ్లూ ఉన్నారు. టర్బో ఇంజన్లు, ఆటోమేటిక్ గేర్‌బాక్సులు, ఈసీయూలు నిండిన కారులో ఒక్క భాగం పోయినా యాభై వేలు, లక్ష దాకా అవుతుంది. ఆ సమయంలో కాగితం చేతిలో ఉంటే పెద్ద ఆసరా. దాన్ని నిషేధించమని నేను అనడం లేదు. కానీ ఎంతమంది కట్టారు, ఎంతమందికి చెల్లించారు, ఎన్ని తిప్పికొట్టారు అన్న లెక్క ఏ కంపెనీ ప్రజల ముందు పెట్టడం లేదు. అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక పన్నెండు వేల మందికి పైగా అడిగితే, సగానికి మించినవాళ్లు కొన్న రక్షణను మరమ్మతుకు ఒక్కసారీ వాడుకోలేదని తేలింది. మనకు ఆ లెక్కలు లేనంతకాలం లాభపడినవాళ్ల ఉదాహరణలు అమ్మకానికి పనికొస్తాయి గానీ నిర్ణయానికి పనికిరావు. నియమాలు పెడితే ధర పెరుగుతుందన్న వాదన మరీ బలహీనం. ఒక పేజీ తెలుగులో మినహాయింపులు అచ్చు వేయడానికి, దానిమీద విడిగా సంతకం తీసుకోవడానికి, ముప్పై రోజుల్లో వద్దంటే డబ్బు తిరిగివ్వడానికి, ఏడాదికోసారి క్లెయిముల లెక్క ప్రకటించడానికి అయ్యే ఖర్చు ఎంత? అలా చెబితే అమ్మకాలు పడిపోతాయన్నదే అసలు భయమైతే, ఇప్పటిదాకా అమ్ముడుపోయింది ఎలాగన్నది వాళ్లే చెప్పాలి.

ఈలోపు ఉన్న చట్టాన్ని వాడుకోవాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కంపెనీ గురుగ్రామ్‌లో ఉన్నా ఉంగుటూరు మనిషి తాను ఉండే జిల్లాలోనే, ఏలూరు వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. కట్టిన ధర ఐదు లక్షల లోపైతే రుసుము లేదు. ముందుగా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. అయితే ఇదే చట్టంలో ఒక లోటుంది. ఏకపక్ష షరతులతో నిండిన ఒప్పందాన్ని అన్యాయమైన ఒప్పందంగా ప్రకటించే అధికారం రాష్ట్ర, జాతీయ కమిషన్లకే ఇచ్చారు, జిల్లాకు ఇవ్వలేదు. ఇరవై వేల రూపాయల వారంటీ షరతు అన్యాయమని వాదించడానికి ఎవరు రాష్ట్ర కమిషన్ దాకా వెళతారు? ఏలూరు, నరసాపురం ఎంపీలు పార్లమెంటులో అడగాల్సింది ఈ చట్టంలో జిల్లా కమిషన్ల పరిధి చెప్పే 34వ సెక్షన్‌కు సవరణ. ఈ తరహా కేసులను జిల్లా కమిషన్లే విచారించేలా అందులో ఒక్క వాక్యం చేర్చాలి.