మా వైపు చూడ్డానికేముంది?

సెలవులు దగ్గరపడ్డాయంటే కోస్తా వైపు మిత్రులెవరో ఒకరు అడుగుతారు: "మీ కరీంనగర్ వైపు చూడ్డానికేముందండీ?" ఆ అడగడంలోనే, ఏమీ ఉండకపోవచ్చునన్న అనుమానం కొంచెం ధ్వనిస్తుంది. నేనూ ఉడుక్కుని, ఎలగందుల కోట, మానేరు డ్యాము, వెండి తీగె పనివారు, వేములవాడ రాజన్న అంటూ వేళ్ళు మడిచి చెప్పేవాణ్ణి. అలా వేళ్ళు మడుస్తూ చెప్పేవాటిలో సగం నేను సరిగ్గా చూసినవి కావని ఎవరికి తెలుసు?

ఒక ఉదాహరణ చెబుతాను. ఇరవై ఏళ్ళుగా కాలేజీలో తెలుగు పాఠం చెబుతున్నాను. నన్నయకు ముందు కందపద్యం ఉన్నదనడానికి సాక్ష్యంగా ఏటేటా కుర్క్యాల శాసనం పేరు బోర్డు మీద రాస్తాను. ఆ కుర్క్యాల ఎక్కడో లేదు. కరీంనగర్ నుంచి జగిత్యాల పోయే దారిలో, గంగాధర మండలంలో ఉంది. నేను దాన్ని చూసింది మాత్రం నలభై దాటిన తరువాత! అక్కడ బొమ్మలమ్మగుట్ట అనే గుట్ట ఉంది. గుట్ట మీద రాతికి చక్రేశ్వరి, జైన తీర్థంకరుల బొమ్మలు చెక్కి ఉన్నాయి. వాటి కింద శాసనం. వేయించినవాడు జినవల్లభుడు, వేములవాడ చాళుక్యుల కొలువులో కన్నడ భారతం రాసిన పంపకవికి తమ్ముడు. కాలం ఇంచుమించు క్రీ.శ. 945. సంస్కృతం, కన్నడం, తెలుగు, మూడు భాషల్లోనూ చెక్కించాడు. తెలుగులో ఉన్నవి మూడు కందపద్యాలు. నన్నయగారు కలం పట్టడానికి ఇంకా వందేళ్ళు ఉంది. 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చిన నాటి చర్చల్లో ఈ రాతి పేరు చాలాసార్లే వినబడింది. మా జిల్లాలో ఎన్నో గుట్టలు గ్రానైటు పలకలై ఓడలెక్కి పోయాయి. ఇదొక్కటి మిగిలింది. ఆ అక్షరాల మీద వేలు ఆనించడానికి భయం వేసింది నాకు.

కాని నేను చెప్పదలచుకున్నది ఈ గుట్ట సంగతి కాదు. గోదావరి అవతలి సంగతి.

2023 జనవరిలో నా పాత శిష్యుడొకడు ఫోన్ చేశాడు. గోండు కుర్రవాడు, మెస్రం వంశం. ఇప్పుడు ఉట్నూరు వైపు బడిపంతులు. వాడు కాలేజీలో ఉండగా, "మీ నాగోబా జాతరలో ఫోటోలకు ఏ రోజు బాగుంటుందోయ్?" అని ఒకసారి అడిగాను. నవ్వి ఊరుకున్నాడు. ఈసారి తనే, "సార్, ఈ ఏడు మా ఇంటామెకు భేటింగ్ ఉన్నది. అమ్మను తోల్కొని రండ్రి" అన్నాడు.

అమ్మకు నాగోబా అంటే ఎవరో తెలియదు. దారిలో ధర్మపురి వస్తుంది, గోదావరి స్నానమవుతుంది అంటే బయలుదేరింది.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పక తప్పదు. అప్పటికి మూడేళ్ళ క్రితం నా తమ్ముడు హైదరాబాదులో రిజిస్టరు పెళ్ళి చేసుకున్నాడు. పిల్లది వేరే కులం. అమ్మ ఆ పిల్ల ముఖం చూడలేదు, చూస్తానని అనలేదు. పండక్కి తమ్ముడొక్కడే వచ్చి, భోంచేసి, తల వంచుకుని వెళ్ళిపోయేవాడు. ప్రతి బతుకమ్మకూ నా భార్య అమ్మకు తెలియకుండా ఆ పిల్లకు చీర పంపేది. (ఈ పత్రిక అమ్మ కూడా చదువుతుంది. తెలిస్తే తెలియనీ.)

ధర్మపురిలో స్నానం చేసి, రాయపట్నం వంతెన దాటి, లక్సెట్టిపేట, జన్నారం మీదుగా వెళ్ళాం. జన్నారం దాటాక కవ్వాల్ అడవి. రెండు పక్కలా టేకు. కారులో మాటలు వాటంతట అవే ఆగిపోయాయి. ఉట్నూరు తరువాత ఇంద్రవెల్లిలో స్తూపం దగ్గర ఆగాం. 1981 ఏప్రిల్ 20న అక్కడ గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. "ఎందుకు కాల్చిన్రు?" అంది అమ్మ. భూమి కోసం అడిగారని చెప్పాను. ఇంకేమీ అడగలేదు.

కేస్లాపూర్‌లో జనసముద్రం. ఎడ్లబండ్లు, మిఠాయి దుకాణాలు, రంగులరాట్నం, అన్ని జాతరలలాగే. ఆ సందడిలోంచి శిష్యుడు మమ్మల్ని మర్రిచెట్ల కిందికి, తనవాళ్ళ బసలోకి తీసుకువెళ్ళాడు. వాడి పాదాలు పగిలి ఉన్నాయి. జన్నారం దగ్గర హస్తినమడుగు దాకా చెప్పుల్లేకుండా నడిచి వెళ్ళి, గోదావరి నీళ్ళు ఝారీలో తెచ్చిన మెస్రంవారిలో వాడూ ఒకడు. పుష్య అమావాస్య రాత్రి ఆ నీళ్ళతోనే నాగోబాకు అభిషేకం. కుండలు సిరికొండ కుమ్మరులు చేసి ఇస్తారట. ఎంత పెద్ద వంశమైనా పొయ్యిలు 22 మాత్రమే. వాటి మీదే వంతులవారీగా వండుకుంటారు. 2022లో రాతితో కట్టిన కొత్త గుడి కూడా వంశంవాళ్ళు తమలో తాము చందాలు వేసుకుని కట్టుకున్నదే.

జాతరలో జరిగే దర్బారు సంగతి పత్రికల్లో చదివే ఉంటారు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం చనిపోయాక, గోండుల కష్టాలేమిటో తెలుసుకోమని నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రజ్ఞుణ్ణి పంపింది. అధికారులే గోండుల దగ్గరికి వచ్చి మొర వినాలని ఆయన పెట్టించిన ఏర్పాటది. ఆయన మార్లవాయిలో కాపురమున్నాడు. భార్య సమాధి అక్కడే ఉంది. దీపావళికి నెమలి ఈకల టోపీలతో ఆడే గుస్సాడీకి 2021లో పద్మశ్రీ తెచ్చిన కనకరాజు గారిదీ ఆ ఊరే. ఆయన 2024లో పోయారు.

రాత్రి పూజ అయిన తరువాత భేటింగ్. ఆ వంశంలోకి వచ్చిన కొత్త కోడళ్ళు తెల్లచీరలు కట్టి, ముఖం మీదికి ముసుగు వేసుకుని, పెద్దామెల వెనక వరసగా వచ్చారు. నేను మగవాళ్ళతో దూరంగా నిలబడ్డాను. జేబులో ఫోన్ ఉంది గాని తియ్యబుద్ధి కాలేదు. అమ్మ మాత్రం శిష్యుడి తల్లి పక్కన ఆడవాళ్ళలో ఉంది. ఆమెది గోండి, మధ్యమధ్య మరాఠీ, కాస్త తెలుగు. మా అమ్మది ఒకటే కరీంనగర్ తెలుగు. అయినా ఇద్దరూ గంటసేపు మాట్లాడుకున్నారు!

"పెండ్లయి ఎన్ని దినాలయింది పిల్లకు?" అని అమ్మ అడిగిందట.

"రెండేండ్లు. అయినా ఇంక దేవునికి తెల్వది. ఈ దినం చూపెడుతున్నం."

"దేవునికి తెల్వకుంట ఉంటదా?"

"దేవునికి తెలుస్తది. మేము చెప్పాలె గద!"

ఈ మాటలు అమ్మ నాతో మరునాడు కారులో చెప్పింది. చెప్పి, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

తిరుగుప్రయాణంలో గుడిహత్నూరు మీదుగా వచ్చి కుంటాల జలపాతం చూశాం. నూట నలభై ఏడు అడుగుల ఎత్తు నుంచి కడెం వాగు దూకుతుందని గొప్పగా చెప్పి తీసుకువెళ్ళాను. జనవరిలో సన్నటి ధార కనబడింది. (వెళ్ళదలచినవారు వానలు పడ్డాక, బతుకమ్మ రోజులకు ముందు వెళ్ళండి.) నిర్మల్‌లో పొనికి చెక్కతో చేసిన మామిడిపండు బొమ్మలు కొన్నాను. అమ్మ ఒక జత గాజుల పెట్టె కొన్నది. ఎవరికని నేను అడగలేదు.

సోన్ దగ్గర మళ్ళీ గోదావరి దాటి, ఆర్మూర్, మెట్‌పల్లి మీదుగా కోరుట్ల చేరేసరికి పొద్దు వాలింది.

"ఈడికెల్లి ఏములాడకు తొవ్వ ఉన్నది గదరా?" అంది అమ్మ.

ఉన్నదన్నాను.

మా ఇంట్లో పెళ్ళయిన జంటను రాజన్న దగ్గరికి తీసుకువెళ్ళి కోడె కట్టించందే పెళ్ళి పూర్తయినట్టు కాదు. నాకూ కట్టించారు. తమ్ముడికి కట్టించలేదు.

"చిన్నోనికి ఫోన్ జెయ్యి. వచ్చే వారం ఆ పిల్లను తీస్కొని ఏములాడకు రమ్మను."

"ఇంటికి కూడా రమ్మననా?"

"ఇంటికి రమ్మంటలేను. గుడికి రమ్మంటున్న. కోడె కట్టినంక సూద్దాం."

నేను ఫోన్ తీశాను. తమ్ముడు మొదట నమ్మలేదు. అమ్మ నా చేతిలోంచి ఫోన్ లాక్కుని, "సోమారం రాకుండ్రి, జనం మస్తు ఉంటరు. బుధారం రండ్రి" అని చెప్పి, ఎట్లా పెట్టెయ్యాలో తెలియక ఫోన్ నా ఒళ్ళో పడేసింది.