ఖాతాదారుల వివరాలు లీకైతే నష్టపరిహారం అందేలా చూడాలని వినతి

గౌరవనీయులైన జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల కలెక్టర్ గార్లకు,

విషయం: బ్యాంకులు, ఫైనాన్స్ సంస్థల నుంచి ఖాతాదారుల వివరాలు బయటికి పోయినప్పుడు చట్టం ఇచ్చిన హక్కులు మా జిల్లాల్లో అమలయ్యేలా చర్యలు తీసుకోవడం గురించి.

అయ్యా / అమ్మా,

రైతు భరోసా, ఉపాధి కూలి, ధాన్యం అమ్మిన డబ్బు, మహిళా సంఘాల అప్పు అన్నీ ఇప్పుడు బ్యాంకు ఖాతాల మీదుగానే నడుస్తున్నాయి. ఆధార్, పాన్, ఫోన్ నంబరు అడిగితే కాదనకుండా ఇచ్చాం. తీసుకున్న సంస్థే వాటిని కాపాడాలి. అవి బయటికి పొక్కినప్పుడు మాత్రం మాకు చెప్పేవారు లేరు. ఖాతా ఏ బ్యాంకులో ఉందో, బాకీ ఎంతో చెబుతూ మోసగాళ్లు ఫోన్ చేసినప్పుడే సంగతి తెలుస్తోంది. శాఖకు వెళ్తే ‘ఓటీపీ మీరే చెప్పి ఉంటారు’ అని తిప్పి పంపుతున్నారు.

తప్పు ప్రతిసారీ ఖాతాదారుడిది కాదు. దాదాపు 16.8 కోట్ల మంది వివరాలను అమ్మకానికి పెట్టిన ముఠాను సైబరాబాద్ పోలీసులు 2023 మార్చిలో పట్టుకున్నారు. అందులో క్రెడిట్, డెబిట్ కార్డుదారుల వివరాలూ ఉన్నాయి. 2022 జనవరిలో హైదరాబాద్‌లోని ఏపీ మహేశ్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు సర్వర్లలోకి చొరబడి 12 కోట్ల రూపాయలకు పైగా కాజేశారు. సైబర్ భద్రత నియమాలు పాటించనందుకు రిజర్వు బ్యాంకు 2023లో ఆ బ్యాంకుకు 65 లక్షల జరిమానా వేసింది.

చట్టం మా పక్షానే ఉంది. రిజర్వు బ్యాంకు 2017లో తెచ్చిన నియమాల ప్రకారం బ్యాంకు లోపం వల్ల డబ్బు పోతే ఖాతాదారుడి మీద పైసా భారం పడకూడదు. బ్యాంకుది, ఖాతాదారుడిది కాక మరెక్కడో లోపం జరిగితే, మూడు పనిదినాల్లో ఫిర్యాదు చేసినవారికి ఇదే వర్తిస్తుంది. ఫిర్యాదు అందిన పది పనిదినాల్లో ఆ సొమ్మును ఖాతాలో చూపాలి. తప్పు ఖాతాదారుడిదేనని రుజువు చేయాల్సిన బాధ్యత బ్యాంకుదే. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. సేవాలోపం కింద రెండేళ్లలోగా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయవచ్చు. ఐటీ చట్టం 43ఏ సెక్షన్ కింద, 5 కోట్ల రూపాయల వరకు పరిహారం కోరుతూ రాష్ట్ర ఐటీ శాఖ కార్యదర్శి ముందు దరఖాస్తు పెట్టవచ్చు.

కానీ ఇవేవీ మా ఊళ్లకు చేరడం లేదు. ముంబై, పుణెలకు వలసపోయిన మనిషి దగ్గర ఫోన్ ఉంటుంది, పాసుబుక్కు ఇంట్లో ఉంటుంది. ఇంగ్లిషులో వచ్చిన మెసేజ్ అర్థమయ్యేసరికి మూడు రోజులు గడిచిపోతాయి. వినియోగదారుల కమిషన్‌కు పోవాలంటే అయిజ రైతైనా, అమ్రాబాద్ చెంచు కూలీ అయినా పని మానుకుని మహబూబ్‌నగర్ బస్సెక్కాలి. ఐటీ శాఖ కార్యదర్శి కచేరీ హైదరాబాద్‌లో ఉంది.

దీనికి తోడు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పూర్తిగా అమల్లోకి వచ్చే 2027 మే నాటికి 43ఏ సెక్షన్ రద్దవుతుంది. కొత్త చట్టం కింద భద్రత పాటించని సంస్థకు 250 కోట్ల దాకా జరిమానా పడవచ్చు. అయితే ఆ డబ్బంతా కేంద్ర ఖజానాకే పోతుంది. నష్టపోయినవాడికి పరిహారం ఇప్పించే ఏర్పాటు ఆ చట్టంలో లేదు.

కావున మా కోరికలు:

1. జిల్లా వినియోగదారుల రక్షణ మండలికి అధ్యక్షులు మీరే. ఈ అంశంపై వెంటనే సమావేశం జరపాలి.

2. వివరాలు లీకైతే ఖాతాదారులకు తెలుగులో, రాతపూర్వకంగా తెలియజేయాలని బ్యాంకర్ల జిల్లా సమావేశంలో లీడ్ బ్యాంకు మేనేజర్ ద్వారా ఆదేశించాలి. ప్రతి శాఖలో ఫిర్యాదుకు తేదీ, సమయం వేసిన రసీదు ఇవ్వాలి. సైబర్ మోసాల ఫిర్యాదుకు 1930, అంబుడ్స్‌మన్‌కు 14448 నంబర్లను గోడ మీద రాయించాలి.

3. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పట్టణాల్లో వినియోగదారుల కమిషన్ క్యాంపు విచారణలు జరిగేలా రాష్ట్ర ప్రభుత్వానికి రాయాలి.

4. ఒకే లీకుతో నష్టపోయిన పదిమంది కలిసి ఒకే ఫిర్యాదు వేసుకునే వీలు చట్టంలో ఉంది. దానికీ, 43ఏ దరఖాస్తులకూ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ లాయర్లను ఇప్పించాలి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఈ సాయం ఉచితమని ఊరూరా చాటించాలి.

5. 43ఏ రద్దయ్యేలోపే కొత్త చట్టంలో బాధితులకు పరిహారం చేర్చాలని రాష్ట్రం ద్వారా కేంద్రాన్ని కోరాలి.

మేం దయాదాక్షిణ్యాలు అడగడం లేదు. చట్టం ఇచ్చిన హక్కు గడువు దాటకముందే మా చేతికి అందాలని అడుగుతున్నాం. తీసుకున్న చర్యలను రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగా ప్రార్థిస్తున్నాం.

ఇట్లు,
భవదీయులు,
మూడు జిల్లాల బ్యాంకు ఖాతాదారులు

ప్రతులు: మూడు జిల్లాల ఎస్పీలకు, లీడ్ బ్యాంకు మేనేజర్లకు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థల కార్యదర్శులకు.