అమ్మీకి కూడా ఒక టికెట్

బాసీ ఈద్ నాడు ఏ చెరువు కట్ట మీద చూసినా మన కుటుంబాలే. డబ్బాల్లో ఖుష్కా, దాల్చా, రాత్రి మిగిలిన షీర్ ఖుర్మా. పిల్లలు బోటు చూడగానే అబ్బా చెయ్యి పట్టుకుని గుంజుతారు. అబ్బా రేట్ల బోర్డు చూస్తాడు, తలకాయలు లెక్కపెడతాడు, జేబు తడుముకుంటాడు. ఆ లెక్కలో ముందుగా కొట్టేసే పేరు ఎవరిదో మనందరికీ తెలుసు. "మీరు పోయి రాండి, నాకు నీళ్లంటే డర్" అంటుంది అమ్మీ. చెప్పులు, సంచులు చూసుకుంటూ ఒడ్డునే కూర్చుంటుంది.

మా అమ్మీ కూడా ఇదే మాట అనేది. నలభై ఏళ్లు నేను నిజమే అనుకున్నా. పోయినేడాది మా బేటీ జిద్దు చేసి దాదీని బోటు ఎక్కించింది. చెరువు నడుమకు పోయినాక అమ్మీ నీళ్లలో చెయ్యి పెట్టి చిన్నపిల్ల మాదిరి నవ్వింది. "ఇంకో చక్కర్ తిప్పమను బేటా" అనింది. ఇన్నేళ్ల డర్ అంతా టికెట్ పైసలదే అని నాకు అప్పుడు సమజయింది.

అందుకే నా మాట ఒకటే. కర్నూలులో, కడపలో నెలకు ఒక్క ఇత్వార్ కుటుంబాలకు బోటింగ్ ముఫ్త్‌గా పెట్టాలి. కర్నూలు వాళ్లకు గార్గేయపురం చెరువు ఉంది. కడప వాళ్లకు దేవుని కడప చెరువు ఉంది. ఉగాది నాడు ముస్లిములు కూడా గుడికి పోయే రివాజు ఉన్న జాగా అది.

"రేషన్ ముఫ్త్ అంటే సరే, షికారు కూడానా?" అని కొందరు అడుగుతారు. చెరువు ఆవామ్‌ది. దాని మీద గంట సేపు తిరగనిస్తే అది ఖైరాత్ ఎట్లా అవుతుంది? మన ఆడవాళ్లు ఇల్లు దాటేది దేనికో ఒకసారి గుర్తు చేసుకోండి. షాదీ, మయ్యత్, ఆస్పత్రి, ఏడాదికోసారి ఉర్సు. తఫ్రీ మాత్రం వాళ్ల హఖ్ కాదన్నట్టు ఉంటాం. రసూలుల్లాహ్ (స.అ.స.) హజ్రత్ ఆయిషా (ర.అ.)తో పరుగు పందెం పెట్టుకున్నారని హదీసుల్లో చదువుకున్నాం. ఇంటి ఆడవాళ్లను ఖుష్‌గా ఉంచడం కూడా దీన్‌లో ఉన్నదే.

మనది నీళ్లకు మొహం వాచిన ఇలాఖా. 1860లలో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ సుంకేసుల నుంచి కడప దాకా కె.సి. కాలువ తవ్వించింది. పొలాలకు నీళ్లతో పాటు పడవలు నడపాలని కూడా దాని ఇరాదా. ఆ పడవల ముచ్చట ఇప్పుడు ఎవరికీ యాది లేదు. మా తరం కర్నూలు వాళ్లకు కిష్తీ అంటే 2009 అక్టోబర్ వరదలే. మన బచ్చాలకైనా నీళ్లంటే ఖుషీ కూడా ఉంటుందని తెలియాలి.

అయితే ఒక షర్తు. ముఫ్త్ అని చెప్పి, పదిమంది ఎక్కే బోటులో ఇరవై మందిని తోస్తే వద్దే వద్దు. 2017 నవంబర్ 12న ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో పడవ తిరగబడి ఇరవై మందికి పైగా పోయారు. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పదుల మంది ప్రాణాలు మునిగిపోయాయి. ముందు ఒంటెను కట్టెయ్యి, తర్వాత అల్లా మీద తవక్కుల్ పెట్టు అన్నది మన తాలీమ్. బుర్ఖా మీదైనా సరే లైఫ్ జాకెట్ తొడగాలి, పట్టీలు బిగించాలి. పసిపిల్లల కొలతకు వేరే జాకెట్లు ఉండాలి. బోటులో ఎంతమంది ఎక్కాలో పక్కనే తెలుగులో, ఉర్దూలో రాసిపెట్టాలి. అంతకన్నా ఒక్కరు ఎక్కువ ఎక్కినా మనమే దిగిపోవాలి.

జుమ్మా నమాజ్ తర్వాత మసీదు కమిటీ పెద్దలతో ఈ మాట ఎత్తండి. మీ వార్డు కార్పొరేటర్‌కు ఒక అర్జీ ఇవ్వండి. కిందటి పేర్లలో హిందూ పొరుగువాళ్లవి కూడా ఉండనీయండి, వాళ్ల అమ్మలు కూడా ఒడ్డునే కూర్చుంటున్నారు.

ఆ ముఫ్త్ ఇత్వార్ వచ్చేదాకా, ఈసారి చెరువుకు పోయినప్పుడు మొదటి టికెట్ అమ్మీకి తీయండి. సంచులు మీరు చూసుకోండి.